అమ్మ మోచేతి ఎత్తు

పోయినేడు మేపుల్ కొమ్మ విరిగింది.
వేలాడుతున్న మగజింకతో సహా
బురదలో పడింది.
ముప్ఫై ఏళ్ళు మోకు ఒరుసుకున్న చోట
వేలు దూరేంత గాడి.
సరిగ్గా అక్కడే విరిగింది.
రైనో టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు,
చెట్టుకా జింకకా అని ఎవరమూ అడగలేదు.

ఈ ఏడు ముందే అనుకున్నాం, రాట వేద్దామని.
నవంబరు పదిహేనున వేట మొదలు.
అక్టోబరు చివరి ఆదివారం,
సుపీరియర్ సరస్సు మీది గాలి
కోట్లలోకి చెయ్యి పెట్టి
గుండీలు లెక్కపెడుతోంది.

రెండు సెడార్ నిట్రాళ్ళు, కొన్నవే.
రసీదు ఇంకా రైనో జేబులో ఉంది,
ఎవరైనా అడుగుతారేమోనని.
అడ్డదూలానికి ఇనుప గొట్టం.
మూతపడ్డ రాగి గని నుంచి
నాన్న తెచ్చుకున్నాడో ఎత్తుకొచ్చాడో
మా ఇంట్లో ఎన్నడూ తేలలేదు.
గిలక గడ్డికొట్టంలోది.
మోకు చుట్టే చేతిచక్రం
పాత పడవబండి నుంచి ఊడదీసింది.

గుంట నాలుగడుగులు పోవాలి.
ఇక్కడి చలి నేలలోకి అంత లోతుగా పళ్ళు దించుతుంది,
తక్కువ తవ్వితే వసంతానికల్లా
నిట్రాడు పాలపన్నులా కదులుతుంది.
మూడో అడుగులో రాయి.
పలుగు ఖంగుమంది.
రైనో ఫిన్నిష్‌లో తిట్టాడు.
ఆ భాషలో మాకు మిగిలినవి
తిట్లూ, రొట్టెల పేర్లూ.
పక్కింటి ఓవిలా లజునెస్ కంచె మీంచి
"రాయినేం జరుపుతావు, గుంటనే జరుపు" అన్నాడు.
జానెడు జరిపాం.
అందుకే రాట కొట్టానికి ఓరగా నిలబడింది,
ఏదో వినబోయి చెవి ఒగ్గినట్టు.

అప్పుడు అమ్మ వచ్చింది,
కంకర మీద చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ.
(కుర్చీ అంటే ఒప్పుకోదు, బండి అనాలి.)
తుంటి విరిగాక నిలబడింది లేదు.
అయినా ఈ రోడ్డున జింకని ఒలవాలంటే
పదిళ్ళవాళ్ళూ ఇంకా లెంపి పేరే చెప్తారు.
మడమ పైన చుట్టూ కత్తి ఒక్కసారి,
ఆ తర్వాత అంతా పిడికిలే.
తడిసిన మేజోడు లాగినట్టు
తోలు దిగొస్తుంది,
మాంసం మీద గీటు పడదు.

తలెత్తి చూసింది.
"ఎంత ఎత్తు?"
"పదడుగులు" అన్నాడు రైనో, ఛాతీతో.
"ఎవరికి?"
రైనో నా వంక చూశాడు,
నేను ఓవిలా వంక,
ఓవిలా తన బూట్ల వంక.
"జింక నా దగ్గరికి దిగాలి.
దాని దగ్గరికి నేను ఎగరను."

పాత చక్రానికి ఎత్తడమే వచ్చు.
టకటకమని పళ్ళు లెక్కపెడుతూ పైకి,
దించబోతే మాత్రం ఒక్కసారిగా వదిలేస్తుంది,
పొగరుబోతు జీతగాడిలా.
ఓవిలా మాట్లాడకుండా వెళ్ళి
తన పడవబండి చక్రం విప్పుకొచ్చాడు.
అది బెత్తెడు బెత్తెడు దించుతుంది,
ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగుతుంది.
"మరి నీ పడవ?" అన్నాను.
"చేపలు ఎక్కడికి పోతాయి" అన్నాడు.

దాణా బస్తాలు మూడు కట్టి చూశాం.
గొట్టం మూలిగింది, వంగలేదు.
"ఇప్పుడు నేను" అన్నాడు ఓరిన్,
నా కొడుక్కి పదకొండేళ్ళు.
అడ్డకర్రని రెండు చేతులా పట్టుకుని వేలాడాడు.
ఎత్తాం. నవ్వుతున్నాడు.
"దించు... ఇంకా... ఆపు."
వాడి పాదాలు అమ్మ మోచేతి దగ్గర ఆగాయి.

అమ్మ వాడి మడమ పట్టుకుంది.
బొటనవేలితో వెనక నరం తడిమింది,
నరానికీ ఎముకకీ మధ్య సందు
ఎక్కడుందో ఆ వేలికి తెలుసు.
ఓరిన్ నవ్వు ఆగిపోయింది.
మేమూ ఏమీ అనలేదు.
గిలక ఒక్కటే కిర్రుమంది.

"మేజోడు చిరిగింది" అంది అమ్మ,
పైకి లాగి, సరిచేసి.
"రాత్రికి ఇవ్వు, కుడతాను."

ఆ రాత్రే తొలి మంచు.
తెల్లారేసరికి గొట్టం మీద రెండు వేళ్ళ మందాన
ఎవరో తెల్లగా గీత గీసినట్టు.
ఖాళీ అడ్డకర్ర గాలికి ఇటూ అటూ.
అమ్మ కిటికీలోంచి చూసి,
సానరాయి మీద నూనె చుక్క వేసింది.